వెనక చక్రాల బండి, పాఠం 4: చేయి విప్పిన మేరకే కాలు

పోయిన పాఠంలో ఇచ్చిన పని చేశారా? బ్రేకును ఒక్కసారిగా కాకుండా, మలుపు లోపలికి వెళ్తూ వెళ్తూ మెల్లగా వదలమన్నాను. ఆ సాధన చేసినవాళ్లకు ఈపాటికి కొత్త తలనొప్పి మొదలై ఉంటుంది. బండి మలుపులోకి బుద్ధిగా దూరుతుంది కానీ బయటికి వచ్చేటప్పుడు పేచీ పెడుతుంది. యాక్సిలరేటర్ తొక్కగానే వెనక భాగం పక్కకు జారుతుంది. లేదంటే లోపలి వైపు చక్రం గిర్రున తిరిగి రబ్బరు వాసన వస్తుంది, ఇంజిన్ అరుస్తుంది, స్పీడు మాత్రం పెరగదు. ఈ పాఠమంతా ఆ రెండు మూడు సెకన్ల గురించే.

ఈ పాఠంతోనే మొదలుపెట్టినవాళ్లకు ఒక్క ముక్క. ఇంజిన్ బలం వెనక చక్రాలకు వెళ్లే బండ్ల గురించే ఇదంతా. మనకు తెలిసిన అంబాసిడర్, ఓమ్ని, బొలెరో, ఇన్నోవా క్రిస్టా అన్నీ ఆ జాతే. అలాగని క్రిస్టా తీసుకుని శ్రీశైలం ఘాట్‌లో సాధన మొదలుపెట్టకండి. ఎత్తయిన బండి, ఎదురుగా ఆర్టీసీ బస్సు, పక్కన లోయ. ఇది ట్రాక్ మీద చేసే పని. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ ఉంది, కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వే ఉంది. అంత దూరం పోలేనివాళ్లు అనుమతి తీసుకున్న ఖాళీ మైదానంలో, తక్కువ స్పీడులో చేసుకోవచ్చు.

మేస్త్రి లెక్క

ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రి పునాది మూల సరిగ్గా ఉందో లేదో ఎలా చూస్తాడో గమనించే ఉంటారు. మూల నుంచి ఒక వైపు 3 అడుగులు, రెండో వైపు 4 అడుగులు కొలిచి గుర్తు పెడతాడు. ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టి చూస్తాడు. సరిగ్గా 5 అడుగులు వస్తే మూల కుదిరినట్టు.

టైరు పట్టు కూడా ఈ లెక్క మీదే నడుస్తుంది. టైరుకు ఉన్న మొత్తం పట్టు 5 అనుకోండి. మలుపులో బండి బయటికి జారిపోకుండా ఆపడానికి అందులో 4 ఖర్చవుతోంది. మరి ముందుకు తోయడానికి ఎంత మిగిలింది? ఒకటి అంటారు చాలామంది. కాదు, 3 మిగిలింది. పక్కకు 3 ఖర్చయితే ముందుకు 4 మిగులుతుంది. పక్కకే మొత్తం 5 పోతే ముందుకు సున్నా. ఇక్కడ తీసివేత కుదరదు, లంబకోణ త్రిభుజం లెక్క వేయాలి. నిజం టైరు ఇంత ముక్కుసూటిగా ఉండదు, అయినా సీట్లో కూర్చున్నవాడికి ఈ లెక్క చాలు.

దీన్ని శాతాల్లో చూస్తే అసలు కిటుకు బయటపడుతుంది. పక్క పట్టు నూటికి నూరు వాడుతున్న బండిలో దాన్ని 95కి తగ్గించారనుకోండి. ముందుకు 31 దొరుకుతుంది. 5 వదులుకుంటే 31 చేతికొచ్చింది. పక్క పట్టు 80కి దిగితే ముందుకు 60, 50కి దిగితే 87. అంటే స్టీరింగ్‌ను మొదట్లో కాస్త విప్పినందుకే లాభం బాగా ఎక్కువ. చాలామంది ఈ మొదటి కాస్త దగ్గరే పిసినారితనం చూపిస్తారు. స్టీరింగ్‌ను గట్టిగా మలుపులోనే పట్టుకుని కాలు మాత్రం తొక్కేస్తారు. ఖర్చంతా ఒక పక్క అయిపోయాక రెండో పక్క అప్పు అడిగితే టైరు ఇవ్వదు.

కావడి

రెండో పాఠంలో బండిని కావడితో పోల్చాం. బ్రేకు వేస్తే బరువు ముందు బుట్టలోకి, యాక్సిలరేటర్ తొక్కితే వెనక బుట్టలోకి. ఈసారి దానికి అంకెలు వేద్దాం. ఒక బండి బరువు 1200 కిలోలు, ముందూ వెనకా సగం సగం. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య 2.5 మీటర్లు. ఎడమ, కుడి చక్రాల మధ్య 1.5 మీటర్లు. బరువు కేంద్రం నేల నుంచి అర మీటరు ఎత్తులో ఉంది. టైరు తాను మోసే బరువంత పట్టు ఇస్తుందని అనుకుందాం.

ఈ బండి 0.3 జీ (భూమి ఆకర్షణలో 0.3 వంతు) త్వరణంతో ముందుకు దూకితే 1200ని 0.3తో, అర మీటరుతో గుణించి 2.5తో భాగించాలి. 72 కిలోలు వస్తుంది. అంటే ముందు ఇరుసు మీద కూర్చున్న ఒక మనిషి లేచి వెళ్లి వెనక ఇరుసు మీద కూర్చున్నట్టు. వెనక ఇరుసు మీద ఇప్పుడు 670 కిలోల చిల్లర. ఇది మనకు మంచిదే. పొలం పనికి ట్రాక్టరు వెనక టైర్లలో నీళ్లు నింపేది కూడా ఇందుకే, బరువు పడితేనే పట్టు.

అయితే బండి ఇంకా మలుపులోనే ఉంది కదా. పక్కకు 0.8 జీ ఉంటే ఇదే పద్ధతిలో 320 కిలోలు లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు మారతాయి. అందులో సగం, 160 కిలోలు, వెనక ఇరుసు వాటా అనుకుందాం. ఒక్కో వెనక చక్రం మీద ఉండాల్సింది 335. ఇప్పుడు బయటి దాని మీద 495, లోపలి దాని మీద 175. ఈ 175ను గుర్తు పెట్టుకోండి, కాసేపట్లో దీనితో పని ఉంది.

పక్కకు నూటికి 80 వాడుతుంటే ముందుకు 60 మిగులుతుందని చూశాం. 670లో 60 శాతం అంటే సుమారు 400 కిలోల తోపు. మన ఇంజిన్ ఇచ్చే టార్క్, అంటే తిప్పే బలం, 200 న్యూటన్ మీటర్లు అనుకుందాం. రెండో గేరు నిష్పత్తి 2.0, డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకూ బలం పంచే గేర్ల పెట్టె) నిష్పత్తి 4.1, చక్రం వ్యాసార్ధం 0.3 మీటరు. ఫుల్ యాక్సిలరేటర్ తొక్కితే నేల మీద పడే తోపు దాదాపు 557 కిలోలు. ఉన్న పట్టు 400, అడుగుతున్నది 557. జారక ఏం చేస్తుంది? అదే మూడో గేరులో, నిష్పత్తి 1.4 అయితే, తోపు 390. రెండు వెనక చక్రాలూ తమ పట్టంతా వాడుకోగలిగితే, అంచు మీదే కానీ నిలబడుతుంది.

అందుకే మొదటి నెల రోజులు మీకు అలవాటైన గేరు కంటే ఒక గేరు పైన మలుపు దాటమంటాను. ఇంజిన్ కాస్త బద్ధకంగా అనిపిస్తుంది, పక్క బండివాడు నవ్వొచ్చు కూడా. కాలికి తూకం నేర్పడానికి ఇంతకంటే చవకైన పద్ధతి నాకు కనబడలేదు.

చేతులు, కాలు

ఇప్పుడు అసలు పని. పాఠం పేరులో ఉన్నదే సూత్రం: చేయి ఎంత విప్పితే కాలు అంత. స్టీరింగ్ పావు వంతు విప్పుకుంటే యాక్సిలరేటర్ పావు వంతు. సగం విప్పితే సగం. బండి తిన్నగా అయ్యాకే మొత్తం. శాతాల లెక్క ప్రకారం కాలికి ఇంకొంచెం ఎక్కువ స్వేచ్ఛ ఉంది కానీ, నేర్చుకునే రోజుల్లో ఆ స్వేచ్ఛను జేబులోనే ఉంచుకోండి.

విప్పాలంటే ముందు విప్పడానికి చోటుండాలి. ఇక్కడ అపెక్స్ సంగతి వస్తుంది. మలుపు లోపలి అంచుకు బండి బాగా దగ్గరగా వచ్చే చోటే అపెక్స్. దాన్ని తొందరపడి ముందే తాకితే ఏమవుతుంది? అక్కడి నుంచి బండి రోడ్డు బయటి అంచు వైపు పరిగెడుతుంది. అంచు దగ్గరపడే కొద్దీ స్టీరింగ్ ఇంకా తిప్పాల్సి వస్తుంది. చేయి బిగుస్తున్న సమయానికే కాలు తొక్కాలనుకుంటుంది. గొడవ అక్కడే. అపెక్స్‌ను ఒకటి రెండు మీటర్లు ఆలస్యంగా తాకండి. లోపలికి వెళ్లేటప్పుడు కొంచెం నెమ్మది అవుతారు, నిజమే. కానీ అపెక్స్ దాటగానే దారి మీ ముందు విప్పుకుంటూ పోతుంది. చేతులు వాటంతటవే విడతాయి, కాలికి పని దొరుకుతుంది.

లోపల పోగొట్టుకున్న స్పీడు బయట తిరిగి వస్తుందా అని అనుమానం ఉంటే ఇది చూడండి. మలుపు తర్వాత 400 మీటర్ల తిన్నటి దారి ఉంది. ఒక బండి గంటకు 80తో బయటపడింది, ఇంకొకటి 83తో. రెండూ ఒకే త్వరణంతో, సెకనుకు సెకనుకు 2 మీటర్లతో వెళ్తున్నాయి. దారి చివరికి 83 బండి సెకనులో ఐదో వంతు ముందుంటుంది. ఒక్క మలుపుకే అంత. వెనక చక్రం ఊరికే తిరిగిన బండికి ఈ లెక్క తలకిందులవుతుంది.

కాలు మొదటిసారి పెట్టేటప్పుడు అది తొక్కుడు కాకూడదు, పలకరింపులా ఉండాలి. మడమ నేల మీద ఆనించి, బొటనవేలి కింది మెత్తతో పెడల్‌ను ఊరికే తాకండి. స్పీడు పెరగకూడదు, తగ్గనూ కూడదు. ఆ తాకుడుతో గేర్లలో, షాఫ్టుల్లో ఉండే చిన్న చిన్న ఖాళీలు నిండుతాయి, బరువు మెల్లగా వెనక్కి వాలి కూర్చుంటుంది. వెనక కూర్చుంది అన్న సంగతి నడుముకు తెలుస్తుంది, కంటికి కాదు. ఇది తెలిసేదాకా ముందుకు పోవద్దు. మందపాటి అడుగున్న స్పోర్ట్స్ బూట్లు వేసుకుంటే ఇది ఎన్నటికీ తెలియదు. పల్చటి అడుగున్నవి వేసుకోండి. చెప్పులతో ట్రాక్ మీదకు రానివ్వరు, రానిచ్చినా రావద్దు.

తర్వాత ఒకటే పరీక్ష. ఒకసారి తొక్కడం మొదలుపెట్టాక మలుపు అయ్యేదాకా కాలు వెనక్కి తీయాల్సిన అవసరం రాకూడదు. తీయాల్సి వచ్చిందంటే తొందరపడ్డారన్నమాట. తొక్కి, తీసి, మళ్లీ తొక్కినవాడి కంటే అర సెకను ఆగి ఒక్కసారి మొదలుపెట్టినవాడే ముందుంటాడు. ట్రాక్ డేల్లో (సొంత బండిని ట్రాక్ మీద నడపనిచ్చే రోజుల్లో) ఇది చెబితే తల ఊపుతారు, బండెక్కగానే మర్చిపోతారు. నేనూ అంతే చేశాను.

నా మొదటి ట్రాక్ డే మధ్యాహ్నం వాన పడి ఆగింది. దారి ఆరింది అనుకున్నాను. లైన్ మీద, అంటే బండ్లన్నీ పోయే దారి మీద ఆరింది, పక్కన ఆరలేదు. రెండో గేరులో మలుపు దాటుతూ, ముందున్న బండిని అందుకోవాలన్న కక్కుర్తితో చేతులు విప్పకుండానే తొక్కేశాను. వెనక జారింది. భయపడి కాలు ఠక్కున తీసేశాను. అది రెండో తప్పు, మొదటిదాని కంటే పెద్దది. కాలు తీయగానే బరువు ముందుకు దూకింది, అప్పటికే జారుతున్న వెనక చక్రాలు ఇంకా తేలికయ్యాయి. బండి గిర్రున తిరిగి గడ్డిలో వచ్చిన దిక్కుకే ముఖం పెట్టి ఆగింది. వెనకాల వచ్చినాయన చెయ్యి ఊపి వెళ్లాడు. పలకరింపో వెక్కిరింపో ఇప్పటికీ తెలియదు.

జారినప్పుడు చేయాల్సింది ఇది. కాలును మొత్తం తీయకండి, ఒక పిసరు తగ్గించండి. తోక ఏ వైపు పోతే స్టీరింగ్ ఆ వైపు తిప్పండి. చూపు మాత్రం మీరు వెళ్లాలనుకున్న చోటే ఉంచండి, గోడ వైపు కాదు. చూసిన చోటికే చేతులు పోతాయి. బండి సర్దుకోగానే స్టీరింగ్ వెంటనే తిన్నగా తెచ్చుకోండి, లేకపోతే తోక రెండో వైపు కొడుతుంది, అది మరీ వేగంగా ఉంటుంది.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే కరెంటు కార్ల రేసు జరిగింది. సుమారు 2.8 కిలోమీటర్లు, 18 మలుపులు. ఆ కార్లకు ముందు మోటారు ఉన్నా అది బ్రేకు వేసినప్పుడు కరెంటు వెనక్కి రాబట్టడానికే. అప్పట్లో తోసింది వెనక చక్రాలే, రేసులో 300 కిలోవాట్లతో. ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం ఊరికే తిరగకుండా బలాన్ని తనంతట తానే తగ్గించే ఏర్పాటు) నిషేధం. రోజూ ఆటోలు, బస్సులు తిరిగే దారి, లైన్ తప్పితే దుమ్ము. ఆ వీడియోల్లో మలుపు బయటికి వచ్చే చోట డ్రైవర్ చేతులు మాత్రమే చూడండి. స్టీరింగ్ తిన్నగా అయ్యే తీరు చూస్తే కాలు ఏం చేస్తోందో చెప్పేయొచ్చు. ఫార్ములా వన్‌లోనూ 2008 నుంచి ట్రాక్షన్ కంట్రోల్ లేదు, అక్కడా ఇదే చూడొచ్చు.

బండిలో మార్పులు

చాలామంది పాఠంలో ముందు ఇదే చదువుతారని తెలుసు. కావాలనే చివర పెట్టాను. చేయీ కాలూ కుదరకుండా స్ప్రింగులు మార్చితే డబ్బు దండగ.

అన్నిటికంటే పెద్ద సంగతి డిఫరెన్షియల్. మామూలు బండిలో ఉండేది రెండు వెనక చక్రాలకూ ఎప్పుడూ సమానంగానే టార్క్ పంచుతుంది. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ తేలికైన చక్రం ఎంత మోయగలిగితే రెండోదానికీ అంతే దక్కుతుంది. ఇందాక గుర్తు పెట్టుకోమన్న 175 ఇక్కడ వస్తుంది. లోపలి చక్రం మీద 175 కిలోలు, అందులో 60 శాతం 105. రెండో చక్రానికీ 105. మొత్తం 210. వెనక ఇరుసుకు 400 తోపు తట్టుకునే శక్తి ఉన్నా సగమే వాడుకోగలుగుతున్నాం. మిగతాది లోపలి చక్రం గిర్రున తిరగడంలో పొగైపోతుంది.

దమ్ము చేసే పొలంలో ట్రాక్టరు నడిపినవాళ్లకు ఇది కొత్త కాదు. ఒక చక్రం బురదలో ఊరికే తిరుగుతుంటే రెండోది కదలకుండా కూర్చుంటుంది. అప్పుడు డ్రైవరు కాలి దగ్గరున్న లాక్ పెడల్ తొక్కుతాడు, రెండు చక్రాలూ ఒకటై బండి బయటపడుతుంది. రేసు బండిలో పూర్తిగా లాక్ చేస్తే మలుపు తిరగనని మొండికేస్తుంది, అందుకే కొంతమేరకే బిగించే లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్ వాడతారు. ఖర్చుకు వెనకాడనివాళ్లు బండి మీద పెట్టే మొదటి డబ్బు దీని మీదే పెట్టాలి, ఇంజిన్ మీద కాదు. బలం పెంచితే 557 ఇంకా పెరుగుతుంది, 210 అలాగే ఉంటుంది.

అది కుదరనివాళ్లు లోపలి వెనక చక్రం మీద బరువు నిలిచేలా చూసుకోవాలి. వెనక యాంటీ రోల్ బార్ (మలుపులో బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ) మెత్తనిది వేసినా, ముందుది గట్టిది వేసినా, ఆ 160 కిలోల వాటాలో కొంత ముందు ఇరుసు నెత్తిన పడుతుంది. లోపలి చక్రానికి ఊపిరి ఆడుతుంది. దీనికి మూల్యం ఉంది, మలుపులోకి వెళ్లేటప్పుడు ముక్కు కాస్త బయటికి పోతుంది. వెనక చక్రాలను పై అంచు లోపలికి వంగేలా మరీ ఎక్కువ పెట్టుకున్నా ముందుకు తోసే పట్టు తగ్గుతుంది, టైరు మొత్తం వెడల్పు నేలను తాకదు కాబట్టి. వెనక చక్రాల ముందు అంచులు ఒకదాని వైపు ఒకటి కొద్దిగా చూసేలా పెడితే తొక్కినప్పుడు బండి కుదురుగా ఉంటుంది. షాక్ అబ్జార్బర్ల సంగతి వేరే పాఠానికి వదిలేద్దాం, ఇక్కడ మొదలుపెడితే తెమలదు.

టైరు గాలి మాత్రం అందరి చేతిలోనూ ఉంది. వేడెక్కే కొద్దీ గాలి ఒత్తిడి పెరుగుతుంది, సుమారుగా ప్రతి 6 డిగ్రీలకు 1 పీఎస్ఐ. మన ఎండల్లో నాలుగు ల్యాపులు తిరిగేసరికి పొద్దున పెట్టిన అంకెకు అర్థం ఉండదు. ల్యాపుల నుంచి రాగానే, చల్లారకముందే గేజి పెట్టి చూడండి. వెనక టైరు నడిమి భాగం అరిగి అంచులు కొత్తగా ఉంటే గాలి ఎక్కువైనట్టు. ఒక్కో పీఎస్ఐ చొప్పున తగ్గిస్తూ వెళ్లండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి నోట్‌బుక్‌లో రాయండి. రెండు కలిపి మారిస్తే ఏది పని చేసిందో బ్రహ్మకు కూడా తెలియదు.

ఇంటిపని

వచ్చే పాఠం లోపు రెండు పనులు. మొదటిది మైదానంలో. 15 మీటర్ల వ్యాసార్ధంతో ముగ్గు గీతలా ఒక వృత్తం గీసి, దాని మీద డబ్బాలు పెట్టండి. గంటకు 30 కిలోమీటర్ల స్పీడులో చుట్టూ తిరగండి, స్టీరింగ్ కదలకూడదు, స్పీడు కదలకూడదు. కుదిరాక, ఒక డబ్బా దగ్గర వృత్తం నుంచి బయటికి తిన్నగా వెళ్లిపోవాలి, చేయి విప్పిన మేరకే కాలు. ఎడమ వైపు ఇరవై సార్లు, కుడి వైపు ఇరవై సార్లు. ఒక వైపు బాగా వచ్చి రెండో వైపు రాకపోవడం మామూలే. రాని వైపు ఇంకో పది.

రెండోది ట్రాక్ మీద. బండిలో ఈఎస్‌పీ (జారుతున్న బండిని తనంతట తానే సర్దే ఏర్పాటు) ఉంటే ఆపేయకండి. జారే కారు బొమ్మ ఉన్న పసుపు దీపం డాష్‌బోర్డు మీద ఉంటుంది, అది మిణుకుమన్న ప్రతిసారీ మీ కాలు చేతిని దాటిపోయిందని అర్థం. పక్క సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టి, ఒక ల్యాపులో ఎన్నిసార్లు మిణుకుమందో, ఏ మలుపులోనో రాయమనండి. మొదటి రోజు అంకె చూసి దిగులు పడొద్దు, కాగితం మాత్రం పారేయకండి. వచ్చే పాఠంలో తడి దారి గురించి చెప్పుకునేటప్పుడు అదే కాగితం ముందు పెట్టుకుని మొదలుపెడదాం.